‘వచ్చారా’ అని ఇంగ్లీషులో అడగడం నేర్పిన క్లాసు

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తాను. పూణే నుంచి, ఢిల్లీ నుంచి వచ్చే యాత్రికులతో నాకు అడిగే పనే ఎక్కువ. ఆన్‌లైన్‌లో బుక్ చేశారా, ఆధార్ ఉందా, దర్శనం ఎప్పుడు. ఇంతకు ముందు చేరిన ఒక కోచింగ్‌లో మూడు నెలలూ ఖాళీలు పూరించాం, టెన్సులు బట్టీ పట్టాం. ఒక్క ప్రశ్న కూడా నోరు తెరిచి అడగలేదు.

బాలాజీ కాలనీలో ఈ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరి రెండు నెలలైంది. సాయంత్రం ఒక గంట, నెలకు 1,500 రూపాయలు. గ్రామర్ అంతా ఊహించి చెప్పే ఆటలతోనే నేర్పుతారు. ఒకరు బోర్డుకు వీపు పెట్టి కూర్చోవాలి, మేడం వెనక ఒక పేరు రాస్తారు. 20 ప్రశ్నల్లోపు అదేంటో కనుక్కోవాలి. మిగతావాళ్లు యస్, నో మాత్రమే అంటారు. ప్రశ్న తప్పుగా అడిగితే ఎవరూ పలకరు.

నా వంతులో ‘ఇట్ ఈజ్ ఆన్ ద హిల్?’ అన్నాను. క్లాసంతా నిశ్శబ్దం. మనకు ‘వచ్చారు’ని ‘వచ్చారా’ అంటే చాలు, ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లీషులో ఈజ్, డు, డిడ్ ముందుకు రావాలి. స్కూల్లోనే చెప్పారు, నోటికే రాలేదు. కాసేపటికి ‘ఈజ్ ఇట్ ఆన్ ద హిల్?’ అంటే అందరూ ‘నో’ అని అరిచారు. ‘ఈజ్ దేర్ ఎ వాటర్‌ఫాల్?’ యస్! కపిలతీర్థం. పదకొండో ప్రశ్నకే పట్టేశాను.

ఇంకో ఆటలో నిన్న ఎక్కడికి వెళ్లామో చీటీలో రాసి దాచుకోవాలి. ‘డిడ్ యూ వెంట్ టు చంద్రగిరి?’ అంటే జవాబు రాదు, ‘డిడ్ యూ గో’ అనాలి. నాకు బాగా నచ్చింది గుడ్డసంచి ఆట. లోపల చెయ్యి పెట్టి తడిమి వస్తువేంటో చెప్పాలి. మస్ట్ అంటే ‘చేసి తీరాలి’ అనే అర్థం ఒక్కటే నాకు తెలుసు. ‘ఇట్ మస్ట్ బి ఎ లాక్’ అన్నప్పుడు ‘తాళమే అయ్యుంటుంది’ అని మొదటిసారి అర్థమైంది. మైట్ బి అంటే అయ్యుండొచ్చు, కాంట్ బి అంటే అయ్యుండదు.

లోపాలూ చెప్పాలి. బ్యాచ్‌లో 26 మందిమి. గొంతున్నవాళ్లే ఆట లాగేసుకుంటారు. మా వరుసలో ఇంటర్ చదివే అమ్మాయికి వారమంతా ఒక్క ప్రశ్న అడిగే వీలు దొరకలేదు. ‘అక్కా, రేపు నాకు వంతు నువ్వే ఇప్పించు’ అంటే నాకు బాధేసింది. తప్పులు నోట్సులో రాయించరు, ఇంటికెళ్లి నేనే రాసుకుంటున్నాను. అన్నిటికన్నా ముఖ్యం, యస్, నో ఆటల్లో ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది అనే ప్రశ్నలే రావు. నా కౌంటర్‌లో సగం అవే. మేడంతో చెప్పాను. వచ్చే నెల నుంచి వాటికీ ఆటలు పెడతానన్నారు. ఆ నెల ఫీజు నిన్ననే కట్టేశాను.