ల్యాప్ టైమర్ యాప్: చాలా కాలం వాడాక నా రివ్యూ, డెవలపర్లకి కొన్ని సూచనలు

రేస్ ట్రాక్ మీద ఒక్కో చుట్టుకి (ల్యాప్) ఎంత టైమ్ పట్టిందో రికార్డ్ చేసే ఈ యాప్ పెయిడ్ వెర్షన్ తీసుకుని చాలా కాలమే అయింది, నా స్విఫ్ట్‌లో ప్రతి ట్రాక్ డేకీ (సొంత కారు ట్రాక్ మీద నడుపుకునే రోజు) ఇదే వాడుతున్నా. రికార్డింగ్ వరకూ సూపర్, ఇబ్బందంతా ఇంటికొచ్చి డేటా తెరిచాకే. మన వైజాగ్ వాళ్ళకి అదే ముఖ్యం. ఇక్కణ్ణుంచి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి ఎన్‌హెచ్ 16 మీద దాదాపు 800 కిలోమీటర్లు, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే ఇంకా దూరం, చెన్నై కుర్రాళ్ళలాగా పై వారం మళ్ళీ వెళ్ళి చూసుకుందాంలే అనడానికి కుదరదు. ఒకసారి వెళ్ళొస్తే నెలల తరబడి ఆ ఫైళ్ళు చూసుకునే నేర్చుకోవాలి.

ముందు జీపీఎస్. ఫోన్లో జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే పొజిషన్ ఇస్తుంది, 144 స్పీడులో ఉంటే సెకనుకి 40 మీటర్లు పోతాం, ఇంక బ్రేక్ ఎక్కడ వేశామో ఏం తెలుస్తుంది? 10 హెర్ట్జ్, అంటే సెకనుకి పదిసార్లు పొజిషన్ ఇచ్చే బయటి జీపీఎస్ రిసీవర్ పెడితే 4 మీటర్లకో పాయింట్ పడుతుంది, గ్రాఫ్‌కి ప్రాణం వస్తుంది. కానీ యాప్ రెండిటికీ ల్యాప్ టైమ్ ఒకేలా మూడు దశాంశాల దాకా చూపించేస్తోంది. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు అది నమ్మి అర సెకను తగ్గించానని సంబరపడుతున్నారు. టైమ్ పక్కన ఎంత తేడా ఉండొచ్చో కూడా వేయండి.

అన్నిటికన్నా పెద్ద లోటు ల్యాప్ పోలిక. ఇప్పుడు రెండు ల్యాప్‌లు పక్కపక్కన పెడితే టైమ్ ప్రకారం గీస్తోంది, దాంతో మొదటి కార్నర్‌లో 0.3 సెకన్లు పోయిందనుకోండి, అక్కణ్ణుంచి చివరిదాకా రెండు గీతలూ జరిగిపోయి ఒక ల్యాప్‌లో బ్రేకింగ్ ఇంకో ల్యాప్‌లో స్ట్రెయిట్ మీద కనిపిస్తుంది. దూరం ప్రకారం గీయాలి. అదీ ఊరికే మీటర్లు కూడితే సరిపోదు, కార్నర్‌లో కారుని వెడల్పుగా తిప్పిన ల్యాప్ కాస్త పొడుగొస్తుంది కదా, అందుకని ట్రాక్ మ్యాప్ మీద ఏ చోట ఉన్నామో దాన్ని బట్టి సరిచెయ్యాలి. కింద డెల్టా గీత (రెండు ల్యాప్‌ల మధ్య టైమ్ తేడా చూపేది) ఒకటి ఇస్తే చాలు, ఎక్కడ పైకి లేస్తే అక్కడ టైమ్ పోయినట్టు, దాని మీద వేలు పెడితే ఆ చోటి స్పీడు, థ్రాటిల్ (యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో) రెండు ల్యాప్‌లవీ రావాలి. ప్రస్తుతం నేను యాప్‌లోంచి డేటాని సీఎస్‌వీ ఫైల్‌గా తీసి ఎక్సెల్‌లో ఈ పని చేసుకుంటున్నా, రాత్రుళ్ళు రాత్రుళ్ళు పోతున్నాయి.

ఇక ఓబీడీ సంగతి, అంటే కారు కంప్యూటర్‌లోంచి ఇంజిన్ డేటా తీసుకునే పోర్టు. చవక బ్లూటూత్ అడాప్టర్ రేషన్ షాపు క్యూ లాంటిది, ఒకదాని తర్వాత ఒకటే అడగాలి. ఆర్‌పీఎమ్, థ్రాటిల్, కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ టెంపరేచర్ అన్నీ ఆన్ చేస్తే థ్రాటిల్ వంతు వచ్చేసరికి కార్నర్ అయిపోతుంది. కూలెంట్ సెకనులో మారిపోయేది కాదుగా, దాన్ని ఐదు సెకన్లకోసారి అడిగి మిగతా టైమంతా థ్రాటిల్, ఆర్‌పీఎమ్‌లకి ఇవ్వొచ్చు. ఏది ఎంత తరచుగా కావాలో మేమే పెట్టుకునే సెట్టింగ్ ఇవ్వండి. ఓబీడీ డేటా జీపీఎస్ కన్నా కొంచెం లేటుగా వస్తుంది కాబట్టి దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకునే స్లైడర్ కూడా కావాలి, వీడియోకి ఇచ్చారు కదా, అలాంటిదే.

ల్యాప్ లెక్క మొదలయ్యే స్టార్ట్ లైన్‌ని సెషన్ అయ్యాక మార్చితే పాత ల్యాప్‌లన్నీ మళ్ళీ లెక్కకట్టాలి, ఆ లైన్ వెడల్పు కూడా మన చేతిలో ఉండాలి, లేకపోతే పిట్ లేన్‌లోంచి (ట్రాక్ పక్కన కార్లు ఆగడానికి వెళ్ళే దారి) వెళ్ళినా ల్యాప్ పడిపోతోంది.

ఇంకోటి, ఇది మాత్రం వెంటనే చెయ్యండి. ఎండలో డాష్‌బోర్డ్ మీద పెట్టిన ఫోన్ వేడెక్కి ఆఫ్ అయింది, మధ్యాహ్నం సెషన్ మొత్తం పోయింది, ఎందుకంటే స్టాప్ నొక్కాకే ఫైల్ సేవ్ అవుతోంది. అంత దూరం వెళ్ళి, ఎంట్రీ ఫీజు, టైర్లు, పెట్రోలు అన్నీ పెట్టుకున్నాక అలా పోతే కడుపు మండిపోతుంది. రికార్డ్ అవుతున్నంతసేపూ ఫైల్‌లోకి రాస్తూ ఉండాలి.

లీడర్‌బోర్డ్‌లో బీచ్ రోడ్డు, భీమిలి రోడ్డు టైమింగులు కనిపిస్తున్నాయి, అవి తీసేయండి ప్లీజ్, జనం నడిచే రోడ్లవి. ట్రాక్ లిస్ట్‌లో ఉన్న సర్క్యూట్లకే లీడర్‌బోర్డ్ ఉంచండి.

కొనాలా అని అడిగేవాళ్ళకి: బయటి రిసీవర్ కొనే ఉద్దేశం ఉంటే పెయిడ్ తీసుకోండి, ఫోన్ జీపీఎస్‌తోనే నడిపిస్తానంటే ఫ్రీ వెర్షన్ చాలు. ప్రస్తుతానికి 5కి 3 స్టార్లు, దూరం మీద పోలిక వచ్చిన రోజు ఐదూ ఇస్తా.