స్క్వూష్: చీర అంచు మీద పరీక్షించి చూసిన ఇమేజ్ కంప్రెషన్ యాప్

మంగళగిరి, పోచంపల్లి నేత చీరలు అమ్మే ఒక చిన్న దుకాణానికి వెబ్‌సైటునూ, నెలకొకసారి కొనుగోలుదారులకు వెళ్లే మెయిలునూ చూసిపెట్టడం కొన్నేళ్లుగా నా పని. చీరను చేత్తో తడిమి చూసే వీలు లేనివారికి ఫొటోయే ఆధారం కాబట్టి జరీ అంచులో ఒక్కొక్క పోగూ కనబడాలని దుకాణదారు కోరుతారు. సిగ్నలు ఎలా ఉన్నా పేజీ చటుక్కున తెరుచుకోవాలని కొనేవారు కోరుతారు. ఈ రెండింటికీ రాజీ కుదర్చడానికి నేను ఎక్కువగా ఆశ్రయించేది స్క్వూష్. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ బృందం 2018 నవంబరులో విడుదల చేసిన ఈ యాప్ పూర్తిగా ఉచితం, సోర్సు కోడు కూడా బహిరంగంగానే ఉంది. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, బ్రౌజరులో స్క్వూష్ డాట్ యాప్ అని కొడితే చాలు.

ఫొటోను లాగి పేజీ మీద వదలగానే తెర మధ్యలో ఒక నిలువు గీత ప్రత్యక్షమవుతుంది. గీతకు ఎడమవైపు అసలు ఫొటో, కుడివైపు కుదించిన ఫొటో. గీతను అటూ ఇటూ జరుపుతూ ఒకే జరీ పువ్వును రెండు రూపాల్లోనూ పోల్చి చూసుకోవచ్చు. ఫైలు ఎన్ని కిలోబైట్లకు దిగిందో కింద అంకెల్లో ఎప్పటికప్పుడు కనబడుతూనే ఉంటుంది. నా దృష్టిలో ఈ యాప్ ప్రాణమంతా ఆ గీతలోనే ఉంది. మిగతా చాలా సేవలు ఫైలు తీసుకుని, చిన్నది చేసి, ఇంత శాతం తగ్గించామని చెప్పి చేతిలో పెడతాయి తప్ప ఏమి పోయిందో చూపించవు.

కుదింపు అంతా, బ్రౌజరులోనే బరువైన ప్రోగ్రాములను నడిపే వెబ్‌అసెంబ్లీ సాయంతో, మన కంప్యూటరులోనే జరుగుతుంది, ఫొటో ఏ సర్వరుకూ వెళ్లదు. అయితే గూగుల్ అనలిటిక్స్ ద్వారా కుదింపుకు ముందూ వెనకా ఫైలు సైజుల వంటి కొన్ని వివరాలు సేకరిస్తామని తయారుచేసినవారే చెప్పుకున్నారు. ఒకసారి తెరిచిన తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుందన్నది కరెంటూ వైఫై కలిసి పోయే నా బోటివారికి పెద్ద సౌకర్యం.

యాప్ తెరవగానే చాలామంది క్వాలిటీ మీట పట్టుకుని 75 నుంచి 40కి దింపేస్తారు. అది తప్పు వరస, ముందు తగ్గించవలసింది ఫొటో కొలత. 12 మెగాపిక్సెళ్ల ఫోను కెమెరా తీసే ఫొటో 4000×3000 కొలతతో, అంటే 1.2 కోట్ల పిక్సెళ్లతో వస్తుంది. మా సైటులో చీర ఫొటోకు కేటాయించిన వెడల్పు 600 పిక్సెళ్లు. ఇప్పటి ఫోన్ల తెరల మీద పిక్సెళ్లు చిక్కగా ఉంటాయి కాబట్టి దానికి రెట్టింపు, అంటే 1200×900 ఇస్తే సరిపోతుంది. లెక్క వేస్తే అది 10.8 లక్షల పిక్సెళ్లు, అసలు దానిలో పదకొండో వంతు. క్వాలిటీని ముట్టుకోకముందే భారమంతా దిగిపోయిందన్నమాట. పైగా 4000 పిక్సెళ్ల ఫొటోను ఎంత గట్టిగా కుదించినా, తెర మీద చూపడానికి విప్పేటప్పుడు పిక్సెలుకు 4 బైట్ల చొప్పున సుమారు 48 మెగాబైట్ల మెమరీ అడుగుతుంది; పాత ఫోన్లలో పేజీ మొరాయించడానికి ఇదీ ఒక కారణం. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్, 2019లో వచ్చిన 5.3 వెర్షను నుంచి 2560 పిక్సెళ్లు దాటిన ఫొటోలను తానే తగ్గించుకుంటోంది గానీ, ఒక చీర ఫొటోకు అదీ ఎక్కువే. వెబ్‌కు 72 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలనే లెక్క) ఉండాలని ప్రింటింగ్ ప్రెస్సుల నుంచి వచ్చిన డిజైనర్లు ఇప్పటికీ పట్టుబడుతుంటారు. బ్రౌజరు ఆ అంకెను పట్టించుకోదు, దానికి కావలసింది పిక్సెళ్ల లెక్క. స్క్వూష్ రీసైజ్ మెనూలో డీపీఐ అనే గడి లేకపోవడం నాకు మహా సంతోషం.

రీసైజ్‌లో కూడా ఒక చిక్కు ఉంది, అది చేనేత ఫొటోలకే ఎక్కువగా తగులుతుంది. మంగళగిరి చీరలో సన్నని చారలూ గళ్లూ ఉన్నప్పుడు ఫొటోను చిన్నది చేస్తే, గుడ్డ మీద లేని అలలు తెర మీద తేలుతాయి. చారల దూరమూ పిక్సెళ్ల దూరమూ పొంతన కుదరకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. స్క్వూష్‌లో లాంక్జోస్3, మిచెల్, క్యాట్మల్-రామ్ వంటి పద్ధతులు ఎంచుకోవచ్చు. లాంక్జోస్3 అంచులను పదునుగా ఉంచుతుంది, కాబట్టి జరీకి అదే బాగుంటుంది. అలలు కనబడినప్పుడు మాత్రం నేను మిచెల్‌కు మారతాను, లేదా వెడల్పును కొన్ని పదుల పిక్సెళ్లు మార్చి చూస్తాను. ఈ అలలను గీత జరిపి నమ్మకంగా తేల్చుకోలేము, ఎందుకంటే గీతకు రెండువైపులా ఉన్నవి వేర్వేరు కొలతల ఫొటోలు. డౌన్‌లోడ్ చేసుకుని అసలు కొలతలో తెరిచి చూడవలసిందే.

ఫార్మాట్ల విషయానికి వస్తే, జేపెగ్ కోసం ఇందులో మోజ్‌జేపెగ్ అనే కుదింపు పద్ధతి ఉంది, మామూలు ఫొటోలకు 75 క్వాలిటీ దగ్గర నాకు ఎన్నడూ ఫిర్యాదు రాలేదు. ఇబ్బంది ఎరుపుతోనే. జేపెగ్ సాధారణంగా వెలుగునీడలను పూర్తి వివరంతో దాచుకుని, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున దాచుకుంటుంది. మనిషి కన్ను రంగు తేడాలను అంత సూక్ష్మంగా పట్టలేదన్న ధీమా దానిది. పోచంపల్లి చిటికి (ఇక్కత్) చీరలో నలుపు పక్కన ఎరుపు వచ్చినచోట ఆ ధీమా చెల్లదు. చిటికి నేతలో రంగుల అంచులు సహజంగానే కాస్త చెదిరి ఉంటాయి, ఆ చెదరడమే దాని అందం. దాని మీద కుదింపు వల్ల రంగు అలుక్కుపోవడం కూడా చేరితే, చూసేవారికి నేతలో దోషం ఉన్నట్లు తోస్తుంది. స్క్వూష్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఆటో సబ్‌శాంపుల్ క్రోమా ముందున్న టిక్కు తీసేసి, కింది అంకెను 1కి మారిస్తే రంగు కూడా పూర్తి వివరంతో నిలుస్తుంది. ఫైలు కొంత బరువెక్కుతుంది, కానీ ఎరుపు తేరుకుంటుంది. ఈ వెసులుబాటును ఇంత తేలికగా చేతికందించే ఉచిత సాధనాన్ని నేను మరొకదాన్ని చూడలేదు.

పండగ ఆఫర్ల బ్యానర్ల సంగతి వేరు. తెలుగు అక్షరాలున్న బొమ్మను జేపెగ్‌లో పెడితే తలకట్ల చుట్టూ, ఒత్తుల సందుల్లో నుసి రాలినట్లు మచ్చలు వస్తాయి. జేపెగ్ 8×8 పిక్సెళ్ల గళ్లుగా బొమ్మను విడగొట్టి పనిచేస్తుంది కనుక, పదునైన గీత ఉన్న గడి అంతా చెదురుతుంది. ఇటువంటి వాటికి పీఎన్‌జీయే మేలు. రెడ్యూస్ పాలెట్ ఎంపికతో రంగులను 32కో 64కో తగ్గించి, పీఎన్‌జీలను కుదించే ఆక్సీపీఎన్‌జీతో కుదిస్తే అక్షరం చెదరకుండా ఫైలు బాగా తేలికవుతుంది.

వెబ్‌సైటు వరకు నేను వెబ్‌పీ అనే కొత్త తరహా ఫార్మాటు వాడుతున్నాను. సఫారీ కూడా 2020లో దాన్ని అంగీకరించిన తర్వాత జంకవలసిన పని లేకపోయింది. కానీ కొంత వివరాన్ని వదులుకుని కుదించే మామూలు వెబ్‌పీలో రంగు ఎప్పుడూ నాలుగింట ఒక వంతే నిలుస్తుంది, కాబట్టి ఎర్ర చీరలకు అది తగదు. ఎవిఫ్ అనే మరో కొత్త ఫార్మాటు ఇంకా చిన్న ఫైళ్లు ఇస్తుంది గానీ పాత లాప్‌టాప్‌లో తయారవడానికి పట్టే సమయం చూస్తే ఓపిక నశిస్తుంది.

మెయిల్ దగ్గరకు వచ్చేసరికి కొత్త ఫార్మాట్లన్నీ పక్కన పెట్టాలి. విండోస్ మీద నడిచే పాత తరహా అవుట్‌లుక్, 2007 వెర్షను నుంచి, మెయిళ్లను చూపడానికి వర్డ్ ఇంజనును వాడుతుంది, దాని చాలా వెర్షన్లు వెబ్‌పీని చూపవు. స్క్వూష్‌లో వెబ్‌పీ పక్కన కనబడే చిన్న అంకెకు ఆశపడి మెయిలులో అదే పెడితే, ఆఫీసు కంప్యూటర్లలో చూసేవారికి చీర బదులు ఖాళీ గడి కనబడవచ్చు. మెయిలుకు నేను 1200 పిక్సెళ్ల వెడల్పుతో జేపెగ్ చేసి, కోడులో వెడల్పును 600 అని విడిగా రాస్తాను. రాయకపోతే అదే అవుట్‌లుక్ ఫొటోను పూర్తి వెడల్పుతో పరిచి మెయిలు రూపాన్ని చెడగొడుతుంది. జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన మెయిలును మధ్యలో కత్తిరిస్తుందన్న భయంతో ఫొటోలను మరీ నలిపేసేవారున్నారు. ఆ హద్దు మెయిలు కోడుకే వర్తిస్తుంది, లింకుగా వచ్చే ఫొటోల బరువుకు కాదు.

ఇక లోపాలు. ఒకసారికి ఒక్క ఫొటోయే. దసరా ముందు నూరు చీరలు ఒకేసారి వచ్చినప్పుడు ఇది పనికిరాదు. గుంపుగా కుదించడానికి ఉపయోగపడిన కమాండ్ లైన్ రూపాన్ని (ఆదేశాలు టైపు చేసి నడిపేదాన్ని) 2023లో ఆపేశారు, ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. నేను అటువంటి రోజుల్లో ఫొటోలను గుంపుగా మార్చగల ఇమేజ్‌మ్యాజిక్ అనే సాధనాన్ని ఆశ్రయిస్తున్నాను, సెట్టింగులు మాత్రం స్క్వూష్‌లో రెండు మూడు చీరల మీద తేల్చుకున్నవే. కావలసిన చోట కత్తిరించుకునే క్రాప్ సదుపాయం లేకపోవడం మరో పెద్ద వెలితి, అందువల్ల ప్రతి ఫొటోనూ ముందు ఫోనులోనే కత్తిరించుకుని రావాలి. కదిలే జిఫ్‌లను ఇది కుదించలేదు. మెనూలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, పైగా అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోని మాటలు ఇంగ్లీషు వచ్చినవారికి కూడా వెంటనే అర్థమయ్యేవి కావు.

కుదించిన ఫైలులో కెమెరా వివరాలేవీ మిగలవు. తన పేరూ హక్కుల వివరమూ ఫొటోలోనే నిలవాలనుకునే ఫొటోగ్రాఫరుకు ఇది నష్టం, నాకు మాత్రం లాభం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో అప్పటికే ఒకసారి కుదింపుకు గురై వస్తుంది, దాన్ని మళ్లీ కుదిస్తే జరీ మసకబారుతుంది. అందుకే నేతగాళ్లను డాక్యుమెంటుగా పంపమంటాను. ఫొటో తీసేటప్పుడు కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే అలా వచ్చిన ఫైలులో వారి ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి, స్క్వూష్ గుండా వెళ్లాక అవి ఉండవు.

హోమ్ పేజీ పైభాగపు ఫొటో, మెయిలులో మొదట కనబడే చీర, అక్షరాల బ్యానర్లు — నెలకు పది పన్నెండు ఫొటోలను శ్రద్ధగా చేసుకోవలసినవారికి నేను దీనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. వందల ఫొటోల కేటలాగు ఉన్నవారికి రెండే. క్రాప్ ఒక్కటి చేర్చి ఉంటే ఆ అర మార్కు కూడా కోసేవాణ్ని కాదు.