ఊగే కెమెరానా, నిలకడ కెమెరానా: మాన్‌స్టర్ సినిమాకి ఏది బెటర్?

హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్ గ్యాంగ్‌లో వీకెండ్ వస్తే ఇదే గొడవ, అందుకే ఊగే కెమెరాతో తీసిన 2008 క్లోవర్‌ఫీల్డ్‌ని, నిలకడ కెమెరాతో తీసిన 2014 గాడ్జిల్లాని పక్కపక్కన పెడుతున్నా.

భయం: క్లోవర్‌ఫీల్డే. దాదాపు కథంతా పార్టీ వీడియో తీస్తున్న ఫ్రెండ్ చేతిలో కెమెరాలోంచే చూస్తాం కదా, వాడు ఉరికితే మనం ఉరుకుతాం, వాడు అటు తిప్పితేనే మనకి కనిపిస్తది. లిబర్టీ విగ్రహం తలకాయ ఎగిరొచ్చి రోడ్డు మీద పడ్డప్పుడు దాన్ని విసిరిందేంటో తెలీదు, దూరంగా బిల్డింగుల వెనకాల ఏదో కదిలినట్టుంటది, అంతే. ఆ తెలియకపోవడమే నాకైతే అసలు భయం.

సైజు: గాడ్జిల్లా. కింద చీమల్లా మనుషులు, పైన దాని వీపు, రెండూ ఒకే ఫ్రేములో నిలబెట్టి చూపిస్తే నోరెళ్ళబెట్టాల్సిందే.

ఖర్చు: క్లోవర్‌ఫీల్డ్‌కి సుమారు 2.5 కోట్ల డాలర్లు, గాడ్జిల్లాకి 16 కోట్లు. కెమెరా ఊగితే గ్రాఫిక్స్ ఈజీ అనుకుంటారు గానీ కాదు, ప్రతి ఊపుకీ తగ్గట్టు జంతువుని ఫ్రేములో అతికించాలి.

రిస్క్: తల తిరగడం. క్లోవర్‌ఫీల్డ్‌కి అమెరికాలో కొన్ని థియేటర్లు వార్నింగ్ బోర్డులు కూడా పెట్టినయ్.

సో ప్రసాద్స్ లాంటి పెద్ద స్క్రీన్‌లో, ఇంట్లో పెద్దవాళ్ళతో అయితే గాడ్జిల్లా టైపు. రాత్రి రూమ్‌లో లైట్లు ఆపేసి, ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసేటట్టైతే క్లోవర్‌ఫీల్డే పెట్టండి, కడుపునిండా బిర్యానీ తిన్న వెంటనే మాత్రం వద్దు.