నైతో మసతోషి చీకట్లను వెతుక్కుంటూ

జపాన్ ఫొటోగ్రాఫర్ నైతో మసతోషి ఫొటోలు చూసి టోక్యోలోని అసకుసా వెళ్లాలనుకునేవారికి ముందే చెబుతున్నాను: ఆ చీకటి ఇప్పుడు అక్కడ లేదు. 1970, 80లలో బిచ్చగాళ్లను, వీధి కళాకారులను ఆయన ఫ్లాష్ వెలుగులో పట్టుకున్న ఆ పేటలో ఇప్పుడు సెన్సోజి ఆలయం రాత్రి పొద్దుపోయేదాకా దీపాలతో మెరుస్తుంటుంది. బస మాత్రం చవక. దగ్గర్లోని సాన్యాలో ఒకప్పుడు దినకూలీలు తలదాచుకున్న సత్రాలే నేడు యాత్రికుల గదులు. చాప పరిస్తే నిండిపోయే గది, ఉమ్మడి స్నానాలగది. ఒంటరి ప్రయాణానికి సరే, కుటుంబంతో వద్దు.

రసాయనశాస్త్రం చదివిన నైతోను జానపద విశ్వాసాలవైపు తిప్పినవి ఉత్తర జపాన్‌లోని యమగత కొండల్లో ఉన్న సోకుషిన్‌బుత్సులు, అంటే ఆహారం మానుకుంటూ తనువు చాలించిన సన్యాసుల ఎండిన దేహాలు. దైనిచిబో ఆలయంలో 1783 నాటి షిన్న్యోకై దేహం ఉంది. ఫొటో తీయనివ్వరు, అదే మంచిదనిపించింది. వివరించేది జపనీస్‌లోనే. త్సురుఒకా నుంచి బస్సులు మరీ తక్కువ, కారు అద్దెకు తీసుకోవడమే మేలు.

అన్నిటిలోకీ నాకు నచ్చింది జపాన్ ప్రధాన ద్వీపం ఉత్తర కొసన ఉన్న ఒసొరెజాన్ అనే కొండ ఆలయం. షిమొకితా స్టేషన్ నుంచి ముప్పావుగంట బస్సు. గంధకపు వాసన, బూడిదరంగు రాళ్లు, చనిపోయిన పిల్లల కోసం పేర్చిన రాళ్ల గుట్టలు, వాటి మధ్య గిర్రున తిరిగే రంగుల గాలిమరలు. జులై 20-24 ఉత్సవానికి, మృతులను తమ నోట పలికించే ఇతాకోలనే స్త్రీలు వస్తారు. నైతో 1960ల చివర తీసిన ముసలమ్మల ఫొటోలు ఈ లోకానివే. ఇతాకోలు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. పైగా వాళ్లు ఆలయ సిబ్బంది కారు, కాబట్టి ఆలయంలో అడిగి ముందే సమయం తీసుకోవడం కుదరదు. వరుసలో నిలబడాల్సిందే. వాళ్ల యాస టోక్యోవాళ్లకే సరిగా అర్థం కాదు, తోడుగా స్థానికులు ఉండాలి.

ఆలయ వసతి ఖరీదే, కానీ దండగ కాదు. జపాన్‌లో శాకాహారులను వేధించే చేపల రసం ఇక్కడి భోజనంలో ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మా అమ్మ నిశ్చింతగా తినగలిగేది. ఆవరణలోని చెక్క స్నానశాలల్లో గంధకపు వేడినీళ్లకు వేరే రుసుము లేదు. మెట్టెలు, వెండి గొలుసులు తీసేసి దిగండి, నల్లబడతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆలయం మూసి ఉంటుంది. రెండు రాత్రులకే డబ్బుంటే రెండూ ఇక్కడే గడపండి.