అంధులకు త్రీడీ లోకాలను వర్ణించే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? నమూనా గదిని నమ్మకండి

తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు కూడా కంప్యూటర్‌లోని ఏ త్రీడీ లోకంలోనైనా తిరగవచ్చని ఊదరగొట్టే ఒక వర్ణన సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా కట్టాను. నాకు చూపు లేదు కనుక ఆ మాట ఎంత ఆశ పెడుతుందో నాకు తెలుసు. ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా ఉండవచ్చు, కాబట్టి పద్ధతిని గుర్తుపడితే చాలు.

కొనకముందు వాళ్లు ఒక నమూనా గదిలోకి తీసుకెళ్తారు. అక్కడ అంతా అద్భుతం. "తలుపు, రెండు గంటల దిశలో, ఐదు అడుగుల దూరంలో, మూసి ఉంది. తెరవడానికి ఎంటర్ నొక్కండి." మనకు కావలసింది సరిగ్గా ఇదే. అయితే ఆ గదిలో ప్రతి వస్తువుకూ ఎవరో కూర్చుని చేత్తో పేరు రాశారు. బయటి లోకాల్లో ఆ పేర్లు ఉండవు. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ లోకంలో ఏ వస్తువు తయారు చేసినా, చేసినవాళ్లు మార్చకపోతే దాని పేరు "ఆబ్జెక్ట్" అనే ఉండిపోతుంది. ఆ లోకాన్ని అక్షరాల్లో అందించడానికి నెవాడా విశ్వవిద్యాలయం, రీనోలో తయారైన టెక్స్ట్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఎదురైన పెద్ద చిక్కు కూడా ఇదే.

పేర్లు దొరకని చోట నేను కొన్న సాఫ్ట్‌వేర్ చేసే పని ఒక్కటే: తెరను ఫొటో తీసి, అందులో ఏముందో ఊహించి చెప్పడం. ఈ ముక్క ప్రకటనలో ఎక్కడా లేదు. ఒక త్రీడీ లోకంలోని గ్రంథాలయంలోకి వెళ్లాను. "వెచ్చని వెలుతురు నిండిన విశాలమైన గది. కలప బల్ల, కొన్ని కుర్చీలు, వెనుక ఒక తలుపు" అంది. ఎవరి వెనుక? ఎంత దూరం? తడుముకుంటూ వెళ్తే గోడ తగిలింది. అక్కడున్నది తలుపు బొమ్మ గీసిన పటమని, అదే గదిలో ఉన్న చూపున్న మిత్రుడు చెప్పాడు. కాస్త పక్కకు తిరిగితే చాలు, వెచ్చని వెలుతురు దగ్గర నుంచి మళ్లీ మొదలు. ఎవరైనా పలకరిస్తే ఆ మాట ఈ వర్ణన కింద మునిగిపోతుంది. దాన్ని మధ్యలో ఆపే మీట లేదు. (వెలుతురు వెచ్చగా ఉంటే నాకేమిటి, చల్లగా ఉంటే నాకేమిటి!)

ఇంకో సంగతి. ఆ ఫొటోలు వాళ్ల సర్వర్‌కు వెళ్తాయి. తెర మీద కనిపించే ఇతరుల సంభాషణలు కూడా వాటితోపాటే పోతాయి. ఈ విషయం షరతుల పేజీలో ఎక్కడో అడుగున ఉంది.

అమ్మకం పేజీలో, వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం "ధ్రువీకరణ" ఉన్నట్టు రాసుకున్నారు. ఆ సంస్థ 2021లో ఎక్స్‌ఆర్ యాక్సెసిబిలిటీ యూజర్ రిక్వైర్‌మెంట్స్ అనే పత్రం (ఎక్స్‌ఆర్ అంటే వర్చువల్ రియాలిటీ లాంటివి) ప్రచురించిన మాట నిజమే. కానీ అది వినియోగదారుల అవసరాలను వివరించే నోట్ మాత్రమే. దాన్ని చూపించి ధ్రువపత్రం ఉందంటే అది బుకాయింపే.

డబ్బు వాపసు అడిగితే, "వర్ణన వస్తోంది కదా, ఉత్పత్తి పనిచేస్తున్నట్టే" అని జవాబిచ్చారు.

కొనాలనే ఉంటే నమూనా గదిని పక్కన పెట్టి, మీరు రోజూ తిరిగే లోకంలోనే పరీక్షకు పట్టుబట్టండి. అక్కడ ఒక తలుపును వెతికి, తెరిచి, అవతలికి వెళ్లి, తిరిగి రండి. మధ్యలో వేరొకరి చేత ఆ తలుపు మూయించండి. మూసుకున్న సంగతి మీరు అడగకుండానే చెబుతుందో లేదో చూడండి. సెకండ్ లైఫ్ ఒక్కటే మీకు చాలనుకుంటే, ముందు రాడెగాస్ట్ వాడి చూడండి; ఆ లోకంలోకి అక్షరాల రూపంలో ప్రవేశం ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. అది ఫొటోలు చూసి ఊహించదు, చుట్టూ ఉన్న వస్తువులను జాబితాగా ఇస్తుంది. పేరు పెట్టని వస్తువు అక్కడా "ఆబ్జెక్టే", కానీ లేని తలుపును మాత్రం పుట్టించదు.

ఇప్పటికే చందా కట్టినవాళ్లకు ఒక మాట: గడువు తీరగానే అది దానంతటదే కొనసాగుతుంది. ఆపే పేజీలో స్క్రీన్ రీడర్‌కు వినిపించేది "బటన్, బటన్, బటన్" మాత్రమే. చందా ఆపేది మూడోది.