ఎనిమిదేళ్ళుగా మా పెరట్లో ధాతకి

మాది పలాస దగ్గర ఉద్దానం ఊరు, ఎటు చూసినా జీడి, కొబ్బరి. డార్జిలింగ్ వెళ్ళినప్పుడు రోడోడెండ్రాన్ పూలు చూసి మనసు పారేసుకుని ఒక మొక్క తెచ్చా, ఏసీ గదిలో కూడా పెట్టి చూసా, మే నెల వడగాడ్పుకి ఆకులు చుట్టల్లా చుట్టుకుపోయి చచ్చిపోయింది. మంచుకొండల మొక్క, దాని తప్పేం ఉంది.

అప్పుడు మా మావయ్య నవ్వి, మన కొండలమీద పువ్వు లేదేటి అని మందస వైపు నుంచి ధాతకి మొక్క తెచ్చిచ్చారు. అశోకారిష్టం లాంటి ఆయుర్వేద మందులు పులవడానికి వేస్తారే, ఆ పువ్వు ఇదే. గోరింటాకు కుటుంబమే. 2017 వానల్లో గోడవార రాళ్ళ మట్టిలో పాతాను. మరుసటేడు అక్టోబర్లో తిత్లీ తుపాను వచ్చి మా జీడి చెట్లన్నీ వేళ్ళతో సహా పడిపోయాయి, ఇదేమో నేలకి వంగి మళ్ళీ లేచింది, కొమ్మలు బెత్తాల్లా ఉంటాయి మరి.

మూడేళ్ళ దాకా పువ్వు లేదు. అసలు చిరాకు ఏంటంటే సంక్రాంతి నాటికి ఆకు చాలావరకు రాల్చేసి పుల్లల మోపులా నిలబడుతుంది. మా అత్తయ్య అయితే "ఏటమ్మీ, ఎండిపోనాది గదా, పొయ్యిలోకి కొట్టీరాదేటి" అని కత్తి కూడా తీసారు! ఇంకో పదిరోజులు ఆగండి అని బతిమాలుకున్నా. తర్వాత ఆ పుల్లల నిండా చిటికెన వేలి గోరంత ఎర్ర గొట్టాలు, గుత్తులు గుత్తులుగా, మొదట్నుంచి చివరిదాకా. పొద్దున్నే తేనెపిట్టలు వచ్చి కొమ్మకి తలకిందులుగా వేలాడి ఒక్కో గొట్టంలో ముక్కు పెడుతుంటే టీ చల్లారిపోతుంది నాకు. ఆకు తిరగేసి చూడండి, అడుగున సన్నటి నల్ల చుక్కలుంటాయి, మొక్క గుర్తుపట్టడానికి అదే గుర్తు.

వాసన లేదు, జడలోకి పనికిరాదు, అది ముందే చెప్పేస్తున్నా. చోటు బాగా తింటుంది, మాది ఇప్పుడు ఆరడుగులు దాటి పక్కకి అంతకంటే ఎక్కువ పాకింది, పూలు అయిపోయాక కత్తిరించకపోతే దారి మూసేస్తుంది. ఎరువు వేయలేదు, పురుగు మందు కొట్టలేదు. ఒకే ఒక్కసారి పాడుచేసుకున్నా, రెండో మొక్కని కుండీలో పెట్టి మల్లెకి పోసినట్టు రోజూ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళిపోయింది.

మొన్న వానల్లో ఎనిమిది కొమ్మలు నాటితే మూడు చిగురేసాయి. ఒకటి మా పిన్నికి. మిగతా రెండూ అడిగినవాళ్ళకి ఇస్తాను గానీ కుండీలో పెడతామంటే మాత్రం ఇవ్వను.