సింఫనీ ఆఫ్ ది నైట్ రెండోసారి: అలూకార్డా, రిక్టరా, లక్ పేరా?

"కోట మొత్తం తిరిగేశాను, తలకిందుల కోట కూడా అయిపోయింది. మళ్లీ ఆడదామంటే డిఫికల్టీ సెట్టింగ్ కనబడట్లేదు, ఎక్కడుంది?" కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్ అనే వీడియో గేమ్ 2020లో ఫోన్లలోకి వచ్చినప్పటి నుంచి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. జవాబు చిన్నది. ఆ సెట్టింగ్ లేదు. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చినప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాకపోతే కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు పేరు రాయమంటుంది కదా, ఆ ఎనిమిది అక్షరాల గడి ఉన్నది అందుకే. అక్కడ ఏం రాస్తారో దాన్ని బట్టి ఆట మారిపోతుంది.

మరి ఏం రాయాలి? నేనైతే ఒక్క విషయం చూసి తేల్చుకుంటాను: బాస్ పడిపోయినప్పుడు గెలిచింది మనమా, మన లెవెలా?

ముందు ఆట హీరో, డ్రాక్యులా కొడుకు అలూకార్డ్‌తో ఆడే మామూలు ఆట సంగతి. రెండోసారి కూడా అతనితోనే ఆడతామనేవాళ్లు చాలామంది, వాళ్లని తప్పుపట్టలేం. ఆట తయారైందే అతని కోసం. గబ్బిలం, తోడేలు, పొగమంచు రూపాలు ఒక్కొక్కటే చేతికొస్తుంటే, ఇంతకుముందు తిరిగొచ్చేసిన గదులు మళ్లీ తెరుచుకుంటాయి. ఈ ఆట ప్రాణం అందులోనే ఉంది. ఇబ్బందల్లా ఆట ఎంత కష్టంగా ఉంటుందన్న దగ్గరే. ప్రవేశద్వారం దాటగానే డెత్ వచ్చి మన కత్తీ డాలూ లాగేసుకుంటుంది చూడండి, అక్కడి నుంచి కాసేపు నిజంగానే టెన్షన్‌గా ఉంటుంది. ఒక్కో అస్థిపంజరాన్నీ ఆచితూచి కొట్టాలి. ఆ తర్వాత అంకెలు మన పక్షాన చేరతాయి. లెవెల్ పెరిగేకొద్దీ పాత శత్రువుల దెబ్బకి పోయే ప్రాణం ఒక్క పాయింటుకి పడిపోతుంది. తలకిందుల కోటలో పోగొట్టుకున్న అలూకార్డ్ షీల్డ్ తిరిగి దొరికిందా, దాన్ని షీల్డ్ రాడ్ అనే ఆయుధంతో కలిపి వాడితే ఇక శత్రువుకి డాలు తగిలిస్తే చాలు. వాళ్లు కరిగిపోతుంటే మనకి ప్రాణం నిండుతుంటుంది. ష్మూ అనే శత్రువుల దగ్గర క్రిసేగ్రిమ్ కత్తి పడితే నడుస్తూనే నరకొచ్చు. డబ్బు కూడబెట్టిన వాళ్లకి, కోటలో వస్తువులు అమ్మే లైబ్రేరియన్ దగ్గర 5,00,000కి డూప్లికేటర్ ఉంది, దాంతో వాడిన వస్తువు అయిపోదు. గాలమాత్ అంత భారీ బాస్ కూడా, పిడుగుల్ని పీల్చుకునే బెరిల్ సర్క్లెట్ తలమీద పెట్టుకుంటే మనకి వైద్యం చేసే డాక్టర్ అయిపోతాడు. మొదటిసారి ఇదంతా కనిపెట్టడంలో ఉన్న సరదా వేరు. అన్నీ తెలిశాక రెండోసారి కావాలని వాటిని పక్కన పెడితే తప్ప ఆటలో పోటీ ఉండదు.

ఇదే ఆటలోని మరో పాత్ర, రక్తపిశాచుల వేటగాడు రిక్టర్ దగ్గరికొస్తే ఆ సదుపాయాలేవీ లేవు. పేరు గడిలో రిక్టర్ (RICHTER) అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాస్తే చాలు, మాటలూ కథా ఏమీ లేకుండా కొరడాతో కోట ముందు నిలబెడుతుంది. లెవెల్ పెరగదు. కవచం, ఉంగరం, టోపీ ఏవీ లేవు. ఇన్వెంటరీయే లేదు కాబట్టి పోషన్ తాగే మాటే లేదు. లైబ్రేరియన్‌తో బేరాలూ లేవు. ఉన్నదల్లా కొరడా, కొవ్వొత్తుల్లో దొరికే గొడ్డలి, శిలువ, పవిత్రజలం లాంటి ఆయుధాలు, ఆ ఆయుధాలకి తూటాల్లాంటి హార్ట్స్ ఎక్కువ ఖర్చుపెట్టి విసిరే ఐటమ్ క్రాష్ అనే పెద్ద దెబ్బ. పవిత్రజలంతో చేసే హైడ్రో స్టార్మ్ తెర మొత్తాన్నీ వర్షంతో ముంచుతుంది. దాన్ని ఎక్కడ వాడాలి, హార్ట్స్ ఎక్కడ దాచుకోవాలి అన్న లెక్క ఆట చివరిదాకా వెంటాడుతుంది.

నాకు ఈ మోడ్ నచ్చడానికి అసలు కారణం కదలిక. జారుడు తన్ను, వెనక్కి పల్టీ, గాల్లోకి ఎగిరే అప్పర్‌కట్, ముందుకి దూసుకుపోయే బ్లేడ్ డాష్. ఫైటింగ్ గేముల్లోలాగా డి-ప్యాడ్ (దిక్కుల బటన్లు) తిప్పి వేసే ఎత్తులు ఇవి. మొదట్లో వేళ్లు మొరాయిస్తాయి. అవి కుదిరాక, అలూకార్డ్‌గా మనం ఆలోచించకుండా దాటేసిన గదులు కొత్తగా కనిపిస్తాయి. ఒక ఎగిరే మెడూసా తల ఎన్ని అడుగుల దూరంలో ఉంటే జారాలో, ఎప్పుడు వెనక్కి పల్టీ కొట్టాలో చూసుకోవాల్సి వస్తుంది. కింద పడ్డామంటే తప్పు మనదే, తక్కువ లెవెల్‌దని చెప్పుకోవడానికి లేదు. గాలమాత్ దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. అలూకార్డ్‌తో నవ్వుతూ నిలబడి కొట్టిన చోటే రిక్టర్‌తో ప్రతి పిడుగునీ లెక్కపెట్టుకుంటూ ఆడాలి.

పోయేది కూడా ఉంది, దాచను. రిక్టర్‌కి మొదటి నుంచే కోటలో చాలాభాగం అందుబాటులో ఉంటుంది, కాబట్టి తాళం-తాళంచెవి ఆట ఉండదు. వెతుకులాట కోసమే ఇలాంటి ఆటలు ఆడేవాళ్లకి ఇది సగం ఆటలా అనిపించొచ్చు.

ఇంతకీ, లెవెల్ తీసేస్తే వచ్చే కష్టమే అసలు కష్టమని నేనొక్కడినే అనుకోవట్లేదు. ఈ ఆట తయారీలో ఉన్న కోజీ ఇగరాషి 2019లో బ్లడ్‌స్టెయిన్డ్: రిచువల్ ఆఫ్ ది నైట్ తెచ్చినప్పుడు అందులో నార్మల్, హార్డ్, నైట్‌మేర్ అని మెనూలోనే పెట్టారు. నైట్‌మేర్‌లో ఆట మొత్తం మన లెవెల్ 1 దగ్గరే ఉండిపోతుంది. అక్కడ కూడా పేరు గడిలో నైట్‌మేర్ అని రాస్తే పై రెండు స్థాయిలూ తెరుచుకుంటాయి, పాత అలవాటు పోలేదన్నమాట. తేడా ఏమిటంటే అక్కడ కవచాలూ, శక్తులిచ్చే షార్డ్‌లూ, వంటలూ మిగులుతాయి. కాబట్టి సిద్ధమయ్యే పని ఉంటుంది. రిక్టర్‌కి అదీ లేదు.

ఇక లక్ పేరు, అంటే అదృష్టం అంకెని పెంచే పేరు. ఎక్స్, చిన్న గీత, ఎక్స్, ఆశ్చర్యార్థకం, వి, రెండు అపాస్ట్రఫీలు, క్యూ (X-X!V''Q), ఇవే ఆ ఎనిమిది. అలూకార్డే వస్తాడు, కానీ లక్ 99, మిగతావన్నీ అట్టడుగున. రిక్టర్ మోడ్‌కి ఇది పూర్తి వ్యతిరేకం. మొదట్లో ఎవరు తాకినా ప్రాణం మీదకొస్తుంది. తర్వాత అరుదైన వస్తువులు వరసగా పడుతుంటే, క్రిటికల్ దెబ్బలు తగులుతుంటే, మామూలు ఆటకంటే ముందే తేలికైపోతుంది. మొదటి భాగం బాగుంటుంది, చివరి భాగం కలెక్షన్ పని. వస్తువుల జాబితా పూర్తి చేయాలనుకునేవాళ్లకి మాత్రం ఇంతకంటే మంచి దారి లేదు. నిజం చెప్పాలంటే అలూకార్డ్‌తోనే మళ్లీ ఆడాలని పట్టుబట్టేవాళ్లకి నేను సూచించేది కూడా ఇదే.

ఆటలోని మరో పాత్ర మరియాతో ఆడే వీలు ప్లేస్టేషన్ మొదటి వెర్షన్‌లో లేదు. సాటర్న్, పీఎస్‌పీ అనే గేమ్ మెషీన్ల వెర్షన్లలో వచ్చింది, ఫోన్‌లోనూ ఆమె పేరు రాసి ఆడొచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, రిక్టర్ అయ్యాక ఓపిక మిగిలితే చూడండి. యాక్స్‌ఆర్మర్ (AXEARMOR) అని రాస్తే అలూకార్డ్‌ని గొడ్డలి యోధుడిగా మార్చే కవచం ఇస్తుంది. కాసేపు నవ్వుకోవడానికి పనికొస్తుంది, ఆట చివరిదాకా దాంతో లాగనక్కర్లేదు.

ఫోన్‌లో ఆడేవాళ్లకి ఒక మాట. రిక్టర్ ఎత్తులు గాజు తెర మీద బొటనవేలితో కుదరవు, బ్లూటూత్ కంట్రోలర్ తగిలించుకోండి. అది లేకపోతే లక్ పేరుతో వెళ్లండి, దానికి వేళ్ల నైపుణ్యం అంతగా అక్కర్లేదు. ఏది రాసినా పని చేయాలంటే ఆట ఒకసారి పూర్తయిన సేవ్ ఉండాలి, కాబట్టి దాన్ని చెరిపేయకుండా కొత్త ఆటకి వేరే స్లాట్ వాడండి.